ఫ్రీజర్ బాక్స్ కథ: చివర్లో ఆశ పెట్టమంటున్నారు, పెట్టాలా?

కొత్త_కలం
మంగళవారం, రాత్రి 11.20

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్ళుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. ఒక కథ గురించి సలహా కావాలి.

కథ పేరు "రెండు రాత్రులు". కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో ఒక అపార్ట్‌మెంట్. తాతయ్య పోయారు. కొడుకు డాలస్‌లో ఉంటాడు, దోహా మీదుగా శంషాబాద్ చేరాలి. అందాకా బాడీని హాల్లో ఫ్రీజర్ బాక్స్‌లో పెడతారు. రెండో రాత్రి మనవడి ఫోన్ చార్జింగ్ అయిపోతుంది. మనవడంటే కూతురి కొడుకు. హాల్లో ఉన్నది ఒకటే సాకెట్. వాడు బాక్స్ ప్లగ్గు తీసి చార్జర్ పెట్టుకుని నిద్రపోతాడు. తెల్లవారుజామున మూడింటికి అద్దం మీద తట్టిన చప్పుడు. లేచి చూస్తే అద్దానికి లోపలి వైపు అరచెయ్యి గుర్తు. అక్కడితో కథ ఐపోతుంది.

ఒక వెబ్ పత్రికకి పంపాను. ఎడిటర్ గారు మర్యాదగానే జవాబిచ్చారు. చీకటి మరీ ఎక్కువైందట, చివర్లో కాస్త ఆశ కనిపించేలా మారిస్తే వేసుకుంటారట. వారం నుంచి కూర్చుంటున్నాను, ఒక్క ముక్క కదలడం లేదు. ఆ ప్లగ్గు సంగతి మా బంధువుల ఇంట్లో నేను కళ్ళారా చూసిందే. చెయ్యి గుర్తు నేను కల్పించాను. ఇందులో ఆశ ఎక్కడ దూర్చాలి? అసలు దూర్చాలా? పూర్తి కథ కింద జత చేశాను, తిట్టినా సరే చదివి తిట్టండి.

ఆబిడ్స్_ఆదివారం
మంగళవారం, రాత్రి 11.52

తమ్మీ, మొత్తం చదివిన. ప్లగ్గు తీసే కాడ నాకు కడుపుల తిప్పినట్టయింది. తర్వాత ఆ చెయ్యి గుర్తు రాంగనే హాయిగా ఊపిరి పీల్చుకున్న. ఎందుకంటవా? దయ్యం కథ అని తెలిసిపోయింది గద. ఆ దయ్యం మీ తాతది, మా ఇంటికి రాదు. ప్లగ్గు తీసే పిల్లగాడు మాత్రం మా ఇంట్ల ఉన్నడు. ఇప్పుడే వచ్చి చార్జర్ ఏదని అడిగిండు.

ఆశ సంగతి పక్కకు పెట్టు. ముందు ఆ చెయ్యి తీసెయ్.

ఎలక్ట్రికల్_బాబాయ్
బుధవారం, ఉదయం 6.10

కథలు నాకు తెలియవు బాబూ, కరెంటు తెలుసు. అదే పని చేసి రిటైరయ్యాను. నువ్వు రాసినది పాత ఫ్లాటు. అక్కడ ఏసీకీ గీజరుకీ పెట్టే పెద్ద సాకెట్లు పదిహేను ఆంప్స్‌వి, లావు గుండ్రటి పిన్నులవి. అందులో ఫోన్ చార్జర్ సన్న పిన్నులు నిలవవు, జారిపోతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టు, గొడవ వదిలిపోతుంది.

ఇంకోటి. ప్లగ్గు తీసిన గంటలో ఏమీ కొంపలు మునిగిపోవు. మూత తియ్యకపోతే చల్లదనం కాసేపు నిలుస్తుంది. కాబట్టి ఏదో ఘోరం జరిగిపోయినట్టు రాస్తే తెలిసినవాడు నమ్మడు.

శబ్దం గురించి నువ్వు "ఏకధాటిగా రొద" అని రాశావు. అదీ తప్పే. ఇంట్లో ఫ్రిజ్ లాగే అదీ చల్లబడ్డాక ఆగుతుంది, వేడెక్కితే మళ్ళీ మొదలవుతుంది. ఆగడం మామూలే. మొదలవ్వాల్సిన టైముకి మొదలవ్వకపోతే అప్పుడు తెలుస్తుంది తేడా, అదీ రాత్రంతా మేలుకుని పక్కనే కూర్చున్నవాళ్ళకి.

శాలిబండ
బుధవారం, ఉదయం 8.35

బాబాయ్ గారూ, కథలు తెలియవంటూనే కథలో లేని ముఖ్యమైన మనిషిని తెచ్చి కూర్చోబెట్టారు. రాత్రంతా మేలుకుని పక్కనే ఉన్నది ఎవరు? ఈ కథలో ఎవరూ లేరు! మనవడు నిద్రపోయాడు, మిగతా వాళ్ళు లోపలి గదుల్లో ఉన్నారు. తాతయ్య భార్య ఎక్కడ?

గెస్ట్_417
బుధవారం, ఉదయం 9.02

డార్క్ కథల పీడీఎఫ్‌లు ఉంటే ఎవరైనా పెట్టండి ప్లీజ్. తెలుగువి.

ఆబిడ్స్_ఆదివారం
బుధవారం, ఉదయం 9.15

ఆదివారం పొద్దుగాల ఆబిడ్స్‌కు రా అన్నా, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు నేనే చూపిస్త. లేదంటే కాచిగూడ నవోదయ పుస్తకాల దుకాణంల కొనుక్కో. ఇక్కడ పీడీఎఫ్‌ల ముచ్చట వద్దు, నిర్వాహకుడు మళ్ళ నా మీద పడతడు.

మామూలు_పాఠకురాలు
బుధవారం, ఉదయం 11.40

అందరూ సాంకేతిక విషయాలు మాట్లాడుతున్నారు కాబట్టి నా మాట కాస్త చేదుగా ఉండొచ్చు. ఇలాంటి కథలు ఎందుకు రాస్తారండీ? మనుషులు పోవడం, శవాలు, ప్లగ్గులు. ఇళ్ళల్లో ఉన్నవి చాలవా? రోజంతా ఆఫీసు టెన్షన్‌తో చచ్చి, రాత్రి పడుకునే ముందు ఒక కథ చదువుదామంటే ఇదా? ఆ ఎడిటర్ గారు అడిగినదాంట్లో నాకు తప్పేమీ కనబడలేదు.

విశ్రాంత_మాస్టారు
బుధవారం, మధ్యాహ్నం 3.20

అమ్మా, మీ ప్రశ్న న్యాయమైనదే. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తెలుగు పాఠం చెప్పాను, పిల్లల తల్లిదండ్రులు కూడా ఇదే అడిగేవారు. మాది శ్రీకాకుళం వైపు, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా వైపు కథలు చెబితే చీకటి కథలే చెప్పాలి, ఏం చెయ్యను.

చాసో (చాగంటి సోమయాజులు) గారి "ఎంపు" చదివారా? ముష్టివాళ్ళ కథ. ఆడపిల్లకి కుంటివాడి మీద మనసు. తండ్రి గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు. గుడ్డివాణ్ణి చూస్తే జనానికి జాలెక్కువ, ముష్టి ఎక్కువ వస్తుంది, ఇదీ ఆయన లెక్క. ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. కూతురు సుఖపడాలనే చూస్తున్నాడు. మన ఇళ్ళల్లో సంబంధం చూసేటప్పుడు జీతం ఎంత, సొంత ఇల్లుందా అని అడగమూ? అదే లెక్క అక్కడ చిప్ప పట్టుకుని కూర్చుంది. చదువుతున్నప్పుడు నవ్వొస్తుంది. కాసేపటికి ఎందుకు నవ్వామా అనిపిస్తుంది. చుక్క నెత్తురు లేదు అందులో.

కారా (కాళీపట్నం రామారావు) మాస్టారి "యజ్ఞం" 1964లో వచ్చింది. అప్పు మీద పంచాయితీ, పేజీల కొద్దీ తర్కం, ధర్మం, న్యాయం. చివర్లో ఆ అప్పున్న కుటుంబంలోని సీతారాముడు కన్నకొడుకునే నరికేస్తాడు, వాడు పెరిగి పాలికాపుగా, అంటే ఒకరి పొలంలో జీతగాడిగా, బతకకూడదని. ఆ ముగింపు సబబా కాదా అని తెలుగువాళ్ళు దశాబ్దాల పాటు కొట్టుకున్నారు, ఇంకా కొట్టుకుంటున్నారు. అయితే నన్ను భయపెట్టింది కత్తి కాదు. అంతకు ముందు అంతమంది పెద్దమనుషులు కూర్చుని, ఎవరూ గొంతు పెంచకుండా, ఒక కుటుంబం బతుకుని పద్దులాగా తేల్చడం.

చీకటి కథలో నేను వెతికేది ఆ లెక్కనే. కొత్త కలం గారి పిల్లవాడు ప్లగ్గు తీసినప్పుడు లెక్క వేసుకున్నాడా? ఏ లెక్క? అది కథలో లేదు. చార్జింగ్ లేదు కాబట్టి తీశాడు, అంతే. అందుకే తర్వాత దయ్యాన్ని పిలవాల్సి వచ్చింది.

రాత్రి_డ్యూటీ
గురువారం, తెల్లవారుజాము 4.15

డ్యూటీలో టీ బ్రేక్. నేను నర్సుని, ఏ ఆసుపత్రో అడక్కండి.

మాస్టారు చెప్పిన లెక్కలు నేను రోజూ చూస్తాను. మనిషి పోయిన పది నిమిషాలకి మొదటి ఏడుపు కాస్త తగ్గుతుంది. అప్పుడు ఒకరు పక్కకి వచ్చి నన్ను మెల్లగా అడుగుతారు, "సిస్టర్, ఉంగరం తీసి ఇస్తారా" అని. వేళ్ళు వాచి ఉంటాయి, రాదు. సబ్బు నీళ్ళు పెట్టి తిప్పాలి. తిప్పుతుంటే వాళ్ళే అంటారు, "మెల్లగా, నొప్పి పుడుతుందేమో". అలా అన్నాక వాళ్ళకే గుర్తొస్తుంది. అప్పుడు వాళ్ళ ముఖం వైపు నేను చూడను.

వాళ్ళు చెడ్డవాళ్ళా? కాదు. ఉంగరం బీరువాలోకి చేరాలి, మనిషికి నొప్పి పుట్టకూడదు. రెండూ ఒకేసారి నిజం.

కొత్త కలం తమ్ముడికి ఒక మాట. అద్దం మీద తేమ పట్టేది బయటి వైపు, ముఖ్యంగా వానాకాలంలో. ఎవరో ఒకరు తువ్వాలు పెట్టి తుడుస్తూనే ఉంటారు, లేకపోతే ముఖం కనబడదు. చేతి గుర్తు కావాలంటే దయ్యం అక్కర్లేదు. చూసి వెళ్ళిన ప్రతివాళ్ళ చెయ్యీ అక్కడ ఉంటుంది.

నిర్వాహకుడు
గురువారం, ఉదయం 7.00

చర్చ పేరు ముందు "మరణ ప్రస్తావన ఉంది" అని చేర్చాను. ఇష్టం లేనివారు తెరవకుండా ఉండేందుకు. చర్చ బాగుంది, కానివ్వండి. పీడీఎఫ్ అడిగిన సభ్యుడికి విడిగా చెప్పాను.

శాలిబండ
గురువారం, ఉదయం 9.50

రాత్రి డ్యూటీ అక్క రాసిన "మెల్లగా, నొప్పి పుడుతుందేమో" దగ్గర ఆగిపోయాను. టీ చల్లారిపోయింది.

మా నాన్నగారిది పాత బస్తీలో దుకాణం. ఉర్దూ మాటలు వింటూ పెరిగాను, చదవడం తర్వాత నేర్చుకున్నాను. ఉర్దూ కథకుడు మంటో రాసిన "ఖోల్ దో" గురించి చెప్పాలి. దేశ విభజన అల్లర్లలో తప్పిపోయిన కూతుర్ని తండ్రి వెతుక్కుంటాడు. చివరికి ఆసుపత్రిలో స్ట్రెచర్ మీద కనబడుతుంది. గదిలో ఉక్కగా ఉందని డాక్టరు కిటికీ చూపించి తెరవమంటాడు. "ఖోల్ దో". తెరువు. అంతే ఆ మాటకి అర్థం. ప్రాణం లేనట్టున్న ఆ పిల్ల చేతులు కదులుతాయి. ఏం చేస్తాయో ఇక్కడ రాయను, చదవనివాళ్ళు చదవాలి. ఆ పిల్లకి ఏం జరిగిందో మంటో ఎక్కడా వర్ణించడు. రోజూ ఇళ్ళల్లో వాడే ఒక మాట, దాన్ని వేరే అర్థంలో వినడానికి ఆ పిల్ల అలవాటు పడిపోయింది. తండ్రి మాత్రం బిడ్డ బతికే ఉందని సంతోషంతో అరుస్తాడు. ఎడిటర్ గారు అడిగిన ఆశ అదేనేమో మరి! ఆ ఒక్క అరుపు లేకపోతే కథ అంత భరించలేనిదిగా ఉండేది కాదు.

పాఠకుల సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికన్ రచయిత్రి షిర్లీ జాక్సన్ కథ "ది లాటరీ" 1948 జూన్‌లో న్యూయార్కర్ పత్రికలో వచ్చింది. ఒక చిన్న ఊళ్ళో ఏటా చీటీలు తీసి, ఎవరికి చుక్క చీటీ వస్తే వాళ్ళని రాళ్ళతో కొట్టి చంపుతారు. ఆ వేసవిలో ఆమెకి మూడు వందలకి పైగా ఉత్తరాలు వచ్చాయి. తిట్లు సరే. కొందరు ఆ లాటరీ ఎక్కడ జరుగుతుందో చెబితే వెళ్ళి చూస్తామని అడిగారట. కథ కంటే నాకు ఆ ఉత్తరాలే ఎక్కువ భయం వేశాయి.

ఆబిడ్స్_ఆదివారం
గురువారం, ఉదయం 10.30

గీ ముచ్చట్లు వింటుంటే చందమామ యాదికొస్తున్నది. చిన్నప్పుడు మనకు చీకటి కథలు ఎవరన్న కొత్తగ నేర్పిన్రా? ప్రతి నెలా ఒక రాజు శ్మశానంల శవాన్ని భుజానేసుకొని నడుస్తుంటే ఆ శవం కథ చెప్తది, అది మనం మిక్చర్ తినుకుంట చదివినం. ఎవ్వరం జడుసుకోలే. ఆఖర్ల బేతాళుడు ప్రశ్న అడుగుతడు. తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతది, చెప్తే మౌనం పోయి శవం మళ్ళ చెట్టెక్కుతది.

ఆ ఎడిటర్ సార్ నిన్ను జవాబు చెప్పమంటున్నడు తమ్మీ. చెప్పినవనుకో, శవం చెట్టు మీద, నువ్వు ఉత్త భుజంతోటి.

విశ్రాంత_మాస్టారు
గురువారం, మధ్యాహ్నం 2.05

పోలిక బ్రహ్మాండంగా ఉంది నాయనా. కానీ ఎడిటర్ని మరీ అంత తీసిపారెయ్యకండి. పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన" ఉంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది దానికి. నియమాల ముసుగులో బతికే పెద్దమనిషి, తుఫాను రాత్రి స్టేషన్‌లో ఒక ముష్టి మనిషి. తెల్లారాక ఆమె చనిపోయి కనబడుతుంది, ఆయన పోగొట్టుకున్న పర్సు ఆమె దగ్గరే ఉంటుంది. ఆయనకి కోపం రాదు. అది చీకటి కథా, వెలుగు కథా? పాఠం చెప్పిన ప్రతిసారీ నా జవాబు మారింది.

శాలిబండ
గురువారం, మధ్యాహ్నం 2.40

మాస్టారూ, విభేదిస్తున్నాను, కోపం తెచ్చుకోకండి. అక్కడ చనిపోయింది ఆ ముష్టి మనిషి, మారింది ఆ పెద్దమనిషి. బాగుపడేవాడు ఎప్పుడూ పెద్దమనిషే ఎందుకవ్వాలి? గొప్ప కథే, కాదనను. ఆ వెలుగు మాత్రం నాకు కొంచెం ఖరీదు ఎక్కువ అనిపిస్తుంది.

ఇదే విషయం మీద నేనూ ఒక కథ మోస్తున్నాను చాలా రోజులుగా. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏటా అక్కడికి వెళ్ళి చెట్టుకి దణ్ణం పెట్టి వస్తారు కూడా. నేను వెళ్ళినప్పుడల్లా కొమ్మల వైపు చూస్తూ ఒకటే ఆలోచిస్తాను. ఎక్కినవాళ్ళు సరే. కొమ్మ వంగుతోంది, కిందనుంచి ఇంకో చెయ్యి చాచారు. పైవాడు ఏమన్నాడు? "చోటు లేదు" అన్నాడా, ఏమీ అనకుండా ముఖం తిప్పుకున్నాడా? తర్వాత ముప్ఫై ఏళ్ళు మనవలకి ఆ చెట్టు కథ చెప్పేటప్పుడు ఆ చోట ఏం మింగాడు? మొదటి వాక్యం మాత్రం ఇంతవరకు దొరకలేదు.

విశ్రాంత_మాస్టారు
గురువారం, మధ్యాహ్నం 3.10

కోపమెందుకు. ఆ కథ రాయండి. నేను బతికుండగా రాయండి.

మామూలు_పాఠకురాలు
గురువారం, రాత్రి 10.55

నిన్న కోపంగా రాశాను. రెండు రోజులుగా ఈ పేజీ మూస్తున్నాను, తెరుస్తున్నాను.

మా వారు పోయి రెండేళ్ళు దాటింది. అప్పుడు మేము అద్దెకుండేవాళ్ళం, ఏ పేటో చెప్పను. ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్నామని ఫోన్ చేస్తే ఇంటి ఓనరు వద్దన్నారు. కొత్త ఇల్లు, ఇంకా పిల్ల పెళ్ళి చెయ్యాలి, పైకి తీసుకురాకండి, సెల్లార్‌లో పెట్టుకోండి అన్నారు. ఆయన అరవలేదు. చాలా నెమ్మదిగా, నాకు దణ్ణం పెట్టి మరీ అన్నారు. నేను సరేనన్నాను. అంతకంటే ఏమనాలో తెలియలేదు.

రెండు కార్ల మధ్య పెట్టారు. ఒక కారు తియ్యమంటే దాని ఓనరు ఊళ్ళో లేరు. మా మరిది కూతురు చదువుకునే పిల్ల, ఆ కారు బానెట్ మీద పుస్తకం పెట్టుకుని కూర్చుంది, పరీక్ష ఉంది దానికి. నేను ప్లాస్టిక్ కుర్చీలో. పొద్దున ఆరింటికి పాలవాడు సైకిల్ దిగి, చూసి, ఆరో అంతస్తుకి ఎన్ని పాకెట్లని వాచ్‌మన్‌ని అడిగి పైకి వెళ్ళాడు. ఏమాత్రం చప్పుడు చెయ్యకుండా నడిచాడు. అది మాత్రం గుర్తుంది.

మీ కథలో హాలు అన్నారు. హాల్లో పెట్టుకోనిచ్చారంటే అదృష్టవంతులు.

రాత్రి_డ్యూటీ
శుక్రవారం, తెల్లవారుజాము 3.50

అక్కా, చదివాను. ఏమీ అనడం లేదు. ఇక్కడే ఉన్నాను.

కొత్త_కలం
శుక్రవారం, రాత్రి 9.30

అందరికీ దణ్ణాలు. ముఖ్యంగా మీకు, అమ్మా. మీ అనుమతి లేకుండా అందులో ఒక్క ముక్క కూడా వాడను. వాడొచ్చా?

చెయ్యి తీసేశాను. హాలు తీసేసి సెల్లార్ చేద్దామని ఉంది. కథ మనవడి వైపు నుంచి కాకుండా అమ్మమ్మ వైపు నుంచి మొదలుపెట్టాను. మొదటి పేరా ఇదీ:

"ఆ చీకటి సెల్లార్‌లో భయంకరమైన నిశ్శబ్దం అలుముకుంది. మృత్యువు నీడలా కార్లు నిలబడి ఉన్నాయి. ఆమె గుండెల్లో తుఫాను."

ఆబిడ్స్_ఆదివారం
శుక్రవారం, రాత్రి 9.41

అరే, మళ్ళ దయ్యాలను పిలుస్తున్నవ్! "భయంకరమైన" అని నువ్వే చెప్తే ఇగ నేనేం జేయాలె? కారు కారు లెక్కనే ఉండనీ. సెల్లార్ అంటే ఏముంటది, నంబర్లు ఏసిన స్తంభాలు, మోటార్ రూం, ఎవరిదో పాత సోఫా, పిల్లల సైకిళ్ళు. అవి రాయి. తుఫాను కొట్టెయ్.

మామూలు_పాఠకురాలు
శుక్రవారం, రాత్రి 10.20

వాడుకోండి. పాలవాణ్ణి మాత్రం వదిలెయ్యండి, అతను నాకు కావాలి.

ఎలక్ట్రికల్_బాబాయ్
శనివారం, ఉదయం 6.05

సెల్లార్ అయితే వాచ్‌మన్ గది నుంచి ఎక్స్‌టెన్షన్ లాగుతారు. బాగానే ఉంది. అయితే కొత్త చిక్కు వచ్చింది. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి మూడు పాయింట్లయినా ఉంటాయి. ఖాళీ పాయింటులో చార్జర్ పెట్టుకోక వాడు బాక్స్ ప్లగ్గు ఎందుకు తీస్తాడు?

శాలిబండ
శనివారం, ఉదయం 8.15

మూడూ నిండి ఉంటే? బాక్స్ ఒకటి, బల్బు ఒకటి. మూడోది?

రాత్రి_డ్యూటీ
శనివారం, ఉదయం 8.40

టేబుల్ ఫ్యాన్. సెల్లార్‌లో దోమలు ఎలా ఉంటాయో తెలియదా?

విశ్రాంత_మాస్టారు
శనివారం, ఉదయం 9.00

ఆగండాగండి. ఫ్యాన్ ఎవరి వైపు తిరిగి ఉంది? అమ్మమ్మ వైపు. బల్బు తీస్తే చీకటి, ఫ్యాన్ తీస్తే అమ్మమ్మని దోమలు పీకుతాయి. ఇక మిగిలింది ఏది? పిల్లవాడు లెక్క వేశాడండీ! బతికున్న మనిషి వైపే వేశాడు. ఆ ప్లగ్గు పీకడంలో ప్రేమ ఉంది, అదే కదా ఘోరం.

(మా అబ్బాయి వచ్చి ఎందుకు కేక పెట్టావని అడిగి వెళ్ళాడు.)

ఎలక్ట్రికల్_బాబాయ్
శనివారం, ఉదయం 9.12

నేను అడిగింది కరెంటు గురించి. సరే, మీకు పనికొస్తే మంచిదే.

కొత్త_కలం
ఆదివారం, తెల్లవారుజాము 1.35

ఇప్పుడే అయ్యింది. మొత్తం రేపు జత చేస్తాను. చివరి భాగం మాత్రం ఇప్పుడే పెట్టకపోతే నిద్ర పట్టేలా లేదు.

"మోటారు ఆగింది. ఆగడం మామూలే. అమ్మమ్మ మనసులో అంకెలు మొదలుపెట్టింది. రాత్రి పదింటి నుంచి ఆమె చేస్తున్న పని అదొక్కటే. నాలుగు వందలు వచ్చేసరికి గుర్రుమని మళ్ళీ మొదలవ్వాలి. నాలుగు వందలయింది. ఐదు వందలయింది.

ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ చేతుల మీద బరువేసి లేచింది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ కుర్చీ పక్కనే, పన్నెండో నంబరు స్తంభం కింద ఉంది. లావు ప్లగ్గు నేల మీద పడి ఉంది. దాని చోట తెల్ల చార్జరు. మనవడు కారు కవరు కప్పుకుని, ఫోను తల పక్కన పెట్టుకుని పడుకున్నాడు. చెంప మీద దోమ వాలి ఉంది.

ఆమె వంగి ఫోను చూసింది. ముప్ఫై ఎనిమిది. మూడున్నరకి విమానం దిగుతుంది. దిగగానే పెద్దోడు చేసేది ఈ ఫోనుకే. ఇంకెవరి నంబరూ వాడికి పలకదు.

దోమని తోలింది. ఫ్యాన్ తల వాడి వైపు తిప్పింది. తువ్వాలు తీసుకుని అద్దం తుడిచింది, ముఖం ఉన్నంత మేర. తర్వాత వచ్చి కుర్చీలో కూర్చుని, ప్లగ్గు ఒళ్ళో పెట్టుకుంది.

యాభై అయ్యాక పెడదాం అనుకుంది."

ఆబిడ్స్_ఆదివారం
ఆదివారం, ఉదయం 6.50

ఫుట్‌పాత్‌కు బయల్దేరేటోన్ని, చెప్పులేసుకొని మళ్ళ ఇడిసి కూసున్న.

శాలిబండ
ఆదివారం, ఉదయం 8.05

"ఇంకెవరి నంబరూ వాడికి పలకదు" అన్న వాక్యం ఉంచు. కొడుకు ఎన్నేళ్ళుగా రాలేదో, ఎవరితో మాటల్లేవో అందులోనే ఉంది. దాన్ని వివరించాలని చెయ్యి దురద పెడుతుంది, ఓర్చుకో.

నా చింతచెట్టు కథకి ఇవాళ మొదటి వాక్యం దొరికింది. ఇక్కడ పెట్టను.

ఎలక్ట్రికల్_బాబాయ్
ఆదివారం, ఉదయం 8.30

ప్లగ్గు ఒళ్ళోకి రావాలంటే బాక్స్ వైరు పొడుగు ఉండాలి. కుర్చీ ఎక్స్‌టెన్షన్ పక్కనే అన్నావు కాబట్టి సరిపోతుంది. ముప్ఫై ఎనిమిది నుంచి యాభై అంటే మామూలు చార్జరుకి ఎంత లేదన్నా పావుగంట, ఇరవై నిమిషాలు. మూత తియ్యకపోతే ఏమీ కాదు. ఆవిడకి చెప్పు.

కొత్త_కలం
ఆదివారం, ఉదయం 9.10

చెబుతాను బాబాయ్.

ఎడిటర్ గారికి ఇదే పంపుతున్నాను. ఆశ ఉందా అని అడిగితే ఏం చెప్పాలో మాత్రం తెలియదు. పంపే ముందు, అమ్మా, మీరు ఒకసారి చూస్తారా?

మామూలు_పాఠకురాలు
ఆదివారం, మధ్యాహ్నం 12.45

చూశాను. మా కుర్చీ నీలం రంగుది. మీరు ఎర్రదే ఉంచండి.